ఒక చుక్క జరిగింది

చిరంజీవులు సహస్రకు, కార్తీక్‌కు,

తాతయ్య దీవెనలు. మొన్న ఆదివారం ఫోన్లో సహస్ర ఒక ప్రశ్న వేసింది. "తాతయ్యా, హాల్లో తాతమ్మ ఫోటో కింద 'జననం: 1930 మార్చి' అని ఉందే, తారీఖు ఏది? ఆ నెలలో ప్రపంచంలో ఇంకేమైనా జరిగిందా, తాతమ్మ పుట్టడం ఒక్కటేనా?" అని. తర్వాత చెప్తానమ్మా అని తప్పించుకున్నాను. ఫోన్లో మొదలుపెడితే రెండు నిమిషాలకే మీ నాన్న "నాన్నా, పిల్లలకి హోంవర్కుంది" అంటాడు. ఉత్తరానికైతే ఆ అడ్డు లేదు.

ముందు తారీఖు సంగతి. మా అమ్మకి, అంటే మీ తాతమ్మకి, ఇంగ్లీషు తారీఖులతో పని లేదు. ఎవరడిగినా "శుక్ల నామ సంవత్సరం, ఫాల్గుణ పున్నమి వెళ్ళిన మూడోనాడు" అనేది. కార్డు రాసేవాళ్ళకి అది ఎక్కడ రాయాలో తోచక ఒకరు జనవరి 1 అన్నారు, ఇంకొకరు జూలై 1 అన్నారు. అలా మా అమ్మకి రెండు పుట్టినరోజులు వచ్చాయి గానీ రెండూ ఆవిడవి కావు. ఆవిడ పోయాక ఒకనాడు పాత పంచాంగం లెక్క వేశాను. ఆ ఏడు ఫాల్గుణమూ మార్చీ దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఫిబ్రవరి 28న అమావాస్య, మళ్ళీ మార్చి 30న అమావాస్య, నెలాఖరున ఉగాది. పున్నమి 14న. మూడోనాడంటే 17. ఒక రోజు అటో ఇటో. కానీ అప్పటికే ఫోటోకి ఫ్రేము కట్టించేశాం.

ఇక ఆ నెలలో ఏం జరిగిందీ అంటే, అది చెప్పాలంటే ముగ్గుతో మొదలెట్టాలి. నవ్వకండి.

మా అమ్మ పొద్దున్నే లేచి కల్లాపి చల్లి, చుక్కలు పెట్టేది. పదకొండు చుక్కలు, పదకొండు వరసలు. ముగ్గుపిండి చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నుంచి జారుతుంటే చుక్కకీ చుక్కకీ ఎడం వెంట్రుకవాసి కూడా తేడా రాదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక ధనుర్మాసంలో, అమ్మ చుక్కలన్నీ పెట్టేసి పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి పరిగెత్తింది. నేను వెళ్ళి అయిదో వరసలో ఒక చుక్కని చెరిపేసి, రెండు వేళ్ళ పక్కన మళ్ళీ పెట్టి, ఏమీ ఎరగనట్టు అరుగు మీద కూర్చున్నాను. ఇంకా సరిగా తెల్లవారలేదు. వాకిట్లో నూట ఇరవై ఒక్క చుక్కలు. అమ్మ గడప దాటింది, కిందికి ఒక్క చూపు చూసింది, "ఎవర్రా చుక్క జరిపింది?" అంది. లెక్క పెట్టలేదు, కొలవలేదు. తన కళ్ళలో ముందు చూసిన ముగ్గు ఉంది, ఇప్పుడు చూసిన ముగ్గు ఉంది. రెంటికీ మధ్య ఒక్క చుక్క ఎగిరింది, అంతే.

సరిగ్గా ఇదే పని మీద 1930 మొదట్లో అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రంలో ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊళ్ళో ఒక కుర్రాడు కూర్చున్నాడు. పేరు క్లైడ్ టాంబా, వయసు ఇరవై నాలుగు. కాన్సస్‌లో రైతుబిడ్డ. వడగళ్ళ వానకి పంట పోయి కాలేజీ చదువు ఆగిపోయింది. ఊరుకోకుండా పాత కారు ఇరుసుతో, మీగడ తీసే యంత్రం విడిభాగాలతో సొంతంగా దూరదర్శిని కట్టుకున్నాడు. అందులోంచి చూసి గీసిన కుజుడి బొమ్మలు, గురుడి బొమ్మలు లోవెల్ అబ్జర్వేటరీకి, అంటే అక్కడి ఆకాశాన్ని పరిశీలించే కేంద్రానికి, పంపితే వాళ్ళు పిలిచి ఉద్యోగమిచ్చారు. ఆ అబ్జర్వేటరీ పెట్టిన పెర్సివల్ లోవెల్ నెప్ట్యూన్ అవతల ఇంకో గ్రహం ఉండాలని వెతికి వెతికి 1916లో చనిపోయాడు. ఆ వెతుకులాట ఈ కుర్రాడి నెత్తిన పడింది. రాత్రిపూట ఆకాశాన్ని పెద్ద గాజు పలకల మీద ఫోటో తీయడం, కొన్నాళ్ళాగి అదే చోటు మళ్ళీ తీయడం, పగలు ఆ రెండు పలకల్నీ ఒక యంత్రంలో పెట్టి ఇది కాసేపు, అది కాసేపు మార్చి మార్చి చూడడం. లక్షల చుక్కలు. అన్నీ కదలకుండా ఉంటాయి. జరిగినది ఒక్కటుంటే, అది ఇటు ఒకసారి అటు ఒకసారి గెంతుతుంది. జనవరి 23న, 29న తీసిన పలకలు పక్కపక్కన పెట్టి, ఫిబ్రవరి 18న చూస్తుండగా మిథునరాశిలో, మన పునర్వసు నక్షత్రం ఉండే రాశే, ఒక చిన్న చుక్క గెంతింది. పలక మీద నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు ఆ జరుగుడు.

ఎవర్రా చుక్క జరిపింది!

వాళ్ళు వెంటనే దండోరా వేయలేదు. మళ్ళీ మళ్ళీ చూసి, నిజమేనని తేల్చుకుని మార్చి 13న ప్రపంచానికి చెప్పారు. ఆ రోజు లోవెల్ పుట్టినరోజు.

మర్నాడు 14న పొద్దున ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ ఊళ్ళో పదకొండేళ్ళ పిల్ల, వెనీషియా బర్నీ, తాతగారి పక్కన కూర్చుని ఫలహారం చేస్తోంది. ఆ తాత ఫాల్కనర్ మదన్ (మదన్ అంటే మనవాడనుకునేరు, ఇంగ్లీషాయనే) పెద్ద గ్రంథాలయాధికారిగా చేసినవాడు. పేపర్లో వార్త చదివి, దీనికేం పేరు పెడతారో అన్నాడు. పిల్ల కాసేపు ఆలోచించి "ప్లూటో అనొచ్చుగా" అంది. రోమన్ కథల్లో పాతాళానికి రాజు, మన యముడిలాంటివాడు. ఆ తాత చిన్నపిల్లల మాటని గాలికొదిలేసే రకం కాదు. తెలిసిన ఖగోళ ప్రొఫెసరుకి చెప్పాడు, ఆయన అమెరికాకి తంతి కొట్టాడు. మే 1న పేరు ఖాయమని ప్రకటించారు. ఇంగ్లీషులో ఆ పేరు మొదటి రెండక్షరాలు పెర్సివల్ లోవెల్ పొడి అక్షరాలు కూడా కావడం కలిసొచ్చింది. తాత మనవరాలికి అయిదు పౌండ్లు బహుమతి ఇచ్చాడట. సహస్రా, నీకూ పదకొండేళ్ళేగా. పొద్దున ఇడ్లీ తినేటప్పుడు ఆ ఫోన్ పక్కన పెడితే నీకూ ఏదో ఒకటి తోచకపోదు. మీ తాత వినడానికి సిద్ధంగానే ఉన్నాడు.

కార్తీక్ ఇప్పటికే "ప్లూటో గ్రహం కాదుగా తాతయ్యా" అని ఎగిరి ఉంటాడు. నిజమే, 2006లో ప్రాగ్ నగరంలో శాస్త్రవేత్తలు సమావేశమై దాన్ని మరుగుజ్జు గ్రహాల వరసలోకి మార్చారు. ఎందుకన్నది మీ సైన్సు టీచరు నాకంటే బాగా చెప్తారు. నాకు తెలిసింది ఒకటే. అది సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి 248 ఏళ్ళు పడుతుంది. తాతమ్మ పుట్టిన నెలలో ఎక్కడుందో అక్కడికి అది మళ్ళీ రావాలంటే 2178 దాకా ఆగాలి. దానికి ఇంకా ఒక్క ప్రదక్షిణ కాలేదు, ఇక్కడ మా అమ్మ పుట్టి, పెరిగి, నన్ను పెంచి, మీ నాన్నకి గోరుముద్దలు పెట్టి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ ముగ్గులో రెండో చుక్క. అదే వారం, 12వ తేదీ బుధవారం పొద్దున, గుజరాతులో సబర్మతి ఆశ్రమం నుంచి గాంధీగారు 78 మందిని వెంటబెట్టుకుని బయల్దేరారు. ఆయనకి అరవై ఏళ్ళు. ఉప్పు మీద సర్కారు పన్ను వేసింది, సముద్రపు ఒడ్డున ఉన్నవాడు కూడా ఉప్పు చేసుకుంటే నేరం. ఆ చట్టాన్ని ఎదిరిస్తానని మార్చి 2నే వైస్రాయి ఇర్విన్‌కి ఉత్తరం రాశారు. దాన్ని మోసుకెళ్ళింది రెజినాల్డ్ రేనాల్డ్స్ అనే ఇంగ్లీషు కుర్రాడు. కొట్లాటకి దిగుతున్న మనిషికి "ప్రియ మిత్రమా" అని రాయడం నాకిప్పటికీ విడ్డూరమే. ఆ 78 మందిలో మన ఆంధ్రం నుంచి ఎర్నేని సుబ్రహ్మణ్యం గారున్నారు. ఇరవై నాలుగు రోజులు, దాదాపు 390 కిలోమీటర్లు, కాలినడక. దండి చేరేసరికి ఏప్రిల్ 5. మర్నాడు పొద్దున వంగి చారెడు ఉప్పుమట్టి తీశారు. తర్వాత మన ఒంగోలు దగ్గర దేవరంపాడులోనూ ఉప్పు సత్యాగ్రహం జరిగింది.

ఉప్పంటే మీకు ప్యాకెట్టు. మాకు చినగంజాం. చీరాల నుంచి ఒంగోలు పాసింజరు ఎక్కితే కిటికీ పక్క సీటు కోసం నేనూ మా తమ్ముడూ కొట్టుకునేవాళ్ళం, ఉప్పు మళ్ళు చూడ్డానికి. ఎండలో కుప్పలు కుప్పలుగా తెల్లగా, కళ్ళు విప్పనివ్వవు. ఉప్పు బండి మా వీధిలోకి వస్తే అమ్మ గళ్ళుప్పు కొలిపించుకుని, ఒక గల్లు నోట్లో వేసుకుని చూసి, అప్పుడు జాడీలో పోసేది. "ఇది తియ్యడానికి ఒకప్పుడు జైలుకెళ్ళారురా" అనేది. ఆవిడ పుట్టేనాటికి గాంధీగారు దారిలో అయిదారు రోజుల దూరంలో నడుస్తూ ఉన్నారని ఆవిడకి తెలుసో లేదో. నేను అడగలేదు. అడగాల్సినవి చాలా అడగలేదు.

మిగతా చుక్కలు గబగబా పెట్టేస్తాను. 6వ తేదీన అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో గడ్డకట్టించిన బఠాణీలు, చేపలు మొదటిసారి కొట్లో అమ్మకానికి పెట్టారు. లాబ్రడార్ మంచుదేశంలో జాలరులు పట్టిన చేప పట్టినట్టే గడ్డకట్టి, నెలల తర్వాత కూడా తాజాగా ఉండడం చూసి వచ్చిన క్లారెన్స్ బర్డ్స్‌ఐ కనిపెట్టిన పద్ధతి అది. మీ ఇంట్లో ఫ్రిజ్ పై అరలో బఠాణీ సంచి ఉంటుందే, దాని ముత్తాత అన్నమాట. 28న టర్కీ ప్రభుత్వం ఇకనుంచి కాన్‌స్టాంటినోపుల్ అనొద్దు, ఇస్తాంబుల్ అనే పిలవాలని లోకానికి చెప్పింది. (మా అమ్మకి విజయవాడ చివరిదాకా బెజవాడే.) 26న టెక్సస్‌లో శాండ్రా డే అనే ఆడపిల్ల పుట్టింది. పశువుల పెంపకం మధ్య పెరిగి, 1981లో అమెరికా సుప్రీంకోర్టుకి మొదటి మహిళా న్యాయమూర్తి అయింది, శాండ్రా డే ఓకానర్‌గా.

ఇంకొకటి ఉంది, నల్లచుక్క. 27న జర్మనీలో ప్రభుత్వం పడిపోయింది. పని దొరకనివాళ్ళకిచ్చే భృతి నిధికి ఎవరెంత కట్టాలన్న తగువు. చూడ్డానికి లెక్కల పంచాయితీ. ఆ తర్వాత అక్కడ పార్లమెంటులో మెజారిటీతో ప్రభుత్వం నిలబడలేదు. మూడేళ్ళు తిరక్కుండానే హిట్లర్ గద్దె ఎక్కాడు.

నా చిన్నప్పుడు వేటపాలెం గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. 1918లో పెట్టింది, గాంధీగారి చేతికర్ర కూడా అక్కడుంది. పాత పేపర్ల కట్టలు తీయించుకుంటే కాగితం అప్పడంలా అంచులు విరిగేది, "మెల్లిగా నాయనా" అని వెనక నుంచి కేక వినపడేది. ఆ పేజీల్లో నాకు ఒకటే ఆశ్చర్యం. ఏది మహా విషయమో, ఏది మర్నాటికి చుట్ట కట్టుకునే కాగితమో, వేసినవాళ్ళకీ తెలీదు, చదివినవాళ్ళకీ తెలీదు. చుక్కలన్నీ ఒకే పిండితో పెట్టినవి.

సరే, చుక్కలు పెట్టాం కదా, ఇప్పుడు కలపాలి. నిన్న రాత్రి కాగితం మీద కూర్చుని ప్రయత్నించాను. ఉప్పునీ బఠాణీనీ కలిపాను. రెండూ తిండి నిలవ సంగతులే అని సంబరపడ్డాను. వెనీషియానీ సహస్రనీ కలిపాను. ఇస్తాంబుల్‌ని ఎటు కలపాలో తెలియలేదు. జర్మనీని కలపాలనిపించలేదు. మీ బామ్మ వచ్చి చూసి "ఇది ముగ్గా, పురుగులు పాకినట్టుంది" అని పోయింది. ఆవిడ మాట నిజమే. ఒక నెలంటే ఎవరో చెయ్యి తిరిగినావిడ లెక్కగా పెట్టిన చుక్కలు కావు. నేనే ఆ పోలికని పట్టుకుని ఇంత దూరం వచ్చాను.

ఒక్క గీత మాత్రం కలిసింది. అది చెప్పి ఆపేస్తాను.

మార్చి 17న, నా పంచాంగం లెక్క సరైతే తాతమ్మ పుట్టిన రోజునే, అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో ఒక మగపిల్లవాడు పుట్టాడు. జేమ్స్ ఇర్విన్. వైస్రాయి బిరుదూ ఈ బాబు ఇంటిపేరూ ఒకటే, చుట్టరికం ఉందనుకోకండి. 1971లో అపోలో 15లో వెళ్ళి చందమామ మీద నడిచిన ఎనిమిదో మనిషి అతనే. అప్పుడు నాకు ఇరవై ఒకటి. రేడియోలో వార్త విని పెరట్లోకి పరిగెత్తి "అమ్మా, చందమామ మీద మనుషులు తిరుగుతున్నారు, ఈసారి బండి కూడా తీసుకెళ్ళారు!" అన్నాను. అమ్మ పప్పు చెరుగుతోంది. ఆకాశం వంక చూసి, "బండి తోలేచోట ముగ్గు నిలవదు" అని మళ్ళీ చేట అందుకుంది. అక్కడ బండెక్కినవాడూ తనూ ఒకే రోజు పుట్టారని ఆవిడకి తెలీదు, నాకూ తెలీదు.

ఇప్పుడు మీ పని. ప్లూటో మీ కంటికి కనపడదు, దాని జోలికి పోకండి. చందమామ కనిపించే ఏ రాత్రయినా సరే, మేడ మీదికి వెళ్ళి, చందమామకి చుట్టుపక్కల బాగా మెరిసే మూడు నాలుగు చుక్కల్ని కాగితం మీద పెట్టండి. మధ్యలో చందమామ. టైము రాసుకోండి. మర్నాడు సరిగ్గా అదే టైముకి వెళ్ళి, అవే చుక్కలు మళ్ళీ పెట్టి, చందమామ ఎక్కడుందో గీయండి. ఎటు జరిగిందో, ఎంత జరిగిందో నేను చెప్పను. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి దీపానికి ఎదురుగా పట్టుకుంటే మీకే తెలుస్తుంది. చూశాక నాకు పోస్టులో పంపండి, ఫోన్లో ఫోటో వద్దు.

కార్తీక్ అక్క చూడనప్పుడు ఒక చుక్క చెరిపి పక్కన పెడతాడు, నాకు తెలుసు. సహస్రా, కవరులో పెట్టేముందు ఒకసారి చూసుకో.

మీ తాతయ్య