మెదడులో ఒక్క అక్షరం మార్చాలంటే

2010లో సోనియా వల్లభ్ వాళ్ళమ్మ చనిపోయారు. ఆ ఏడాది మొదట్లో బాగానే ఉన్న మనిషి నెలల్లోనే మాట, తెలివి కోల్పోయి మంచాన పడ్డారు. వచ్చింది ప్రియాన్ వ్యాధి అనీ, అది వంశపారంపర్యమనీ తర్వాత తేలింది. మరుసటి ఏడాది సోనియా పరీక్ష చేయించుకుంటే ఆమెలోనూ అదే జన్యులోపం కనిపించింది. అప్పటికి ఆమె చదివింది లా. భర్త ఎరిక్ మినికెల్ పనిచేస్తున్నది రవాణా ప్రణాళికలో. ఇద్దరూ ఆ ఉద్యోగాలు వదిలేసి జీవశాస్త్రం మొదటి నుంచి నేర్చుకున్నారు. ఇప్పుడు అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థలో ఈ వ్యాధి మీదే పరిశోధన చేస్తున్నారు. జన్యు సవరణ గురించి ఎక్కడ చదివినా నాకు ముందు వీళ్ళే గుర్తొస్తారు.

ప్రియాన్ ప్రొటీన్ మనందరి మెదళ్ళలోనూ ఉంటుంది. దానివల్ల ఏ హానీ లేదు. కానీ ఒక్క ప్రొటీన్ తప్పుగా మడతపడిందంటే, పక్కనున్న మంచి ప్రొటీన్లనీ అలాగే మడతపెట్టేస్తుంది. అలా ఒకదాన్నుంచి ఒకదానికి పాకి న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, చచ్చిపోతాయి. మూడు వందల కోట్ల డీఎన్ఏ అక్షరాల్లో ఒక్కటి మారితే చాలు, ఈ ముప్పు మొదలవుతుంది.

అసలు ఆ ప్రొటీనే తయారు కాకపోతే? వ్యాధికి మేత ఉండదు. అది లేకుండా పుట్టించిన ఎలుకలు చాలావరకు మామూలుగానే బతికాయి. పైగా, పుట్టుకతోనే ఈ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి మొదట్లోనే ఆగిపోయినా ఆరోగ్యంగా ఉన్న మనుషులున్నారు. ప్రకృతి ముందే చేసి చూపించిన ఆ మార్పునే పరిశోధకులు తీసుకున్నారు.

2012లో వచ్చిన క్రిస్పర్ అనే జన్యు సవరణ సాధనం డీఎన్ఏ రెండు పోగుల్నీ తెంపుతుంది. తెగినచోట కణం తనకు తోచినట్టు అతికేసుకుంటుంది. విభజన చెందని న్యూరాన్లలో ఆ అతుకును మనకు కావలసినట్టు వేయించడం మరీ కష్టం. శాస్త్రవేత్త డేవిడ్ లియూ ప్రయోగశాల 2016లో తెచ్చిన బేస్ ఎడిటింగ్‌లో అలా తెంపే పని లేదు. అక్షరాన్ని ఉన్నచోటే రసాయనికంగా మారుస్తుంది. ప్రియాన్ జన్యువులో ఒకచోట 'సి'ని 'టి' చేస్తే, కణానికి అది 'ఇక ఆపు' అన్న సంకేతంగా కనిపిస్తుంది. ప్రొటీన్ తయారీ అక్కడే ఆగిపోతుంది.

అయితే దీన్ని మెదడుకు చేర్చడమే పెద్ద చిక్కు. సికిల్ సెల్ వ్యాధికి 2023లో అనుమతి పొందిన క్రిస్పర్ చికిత్సలో రక్తకణాల్ని తయారుచేసే మూలకణాల్ని బయటికి తీసి, సరిచేసి, మళ్ళీ ఎక్కిస్తారు. మెదడును అలా బయటికి తీయలేం కదా! రక్తంలోంచి ఏదిపడితే అది లోపలికి రాకుండా రక్తనాళాల గోడలు కాపలా కాస్తుంటాయి. అందుకే ఏఏవీ అనే, జబ్బు చేయని వైరస్‌ను వాహనంగా వాడతారు. దానిలో సుమారు 4,700 అక్షరాలకే చోటు. బేస్ ఎడిటర్ అందులో పట్టదు. దాన్ని రెండు ముక్కలు చేసి రెండు వైరస్‌లలో పంపుతారు. రెండూ ఒకే న్యూరాన్‌లోకి చేరితేనే ఆ ముక్కలు అతుక్కుని పని మొదలుపెడతాయి. మనిషి మెదడులో ఉన్నవి దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు!

2025 జనవరిలో సోనియా దంపతుల బృందం, లియూ బృందం కలిసి ఫలితాలు ప్రచురించాయి. మనిషి ప్రియాన్ జన్యువు పెట్టిన ఎలుకలకు వ్యాధి ఎక్కించి, ఈ చికిత్స ఇస్తే, అవి దాదాపు 52 శాతం ఎక్కువకాలం బతికాయి. వ్యాధి మాత్రం పూర్తిగా నయం కాలేదు. అయినా ఆ అంకె చదివినప్పుడు నా గుండె వేగంగా కొట్టుకుంది.

వంశపారంపర్యంగా వచ్చే మరో మెదడు జబ్బు హంటింగ్టన్ వ్యాధిలో దారి ఇంకా ఇరుకు. అక్కడ 'సీఏజీ' అనే మూడక్షరాలు 40 సార్లు, ఆపైన వరసగా వస్తే జబ్బు తప్పదు. కానీ మామూలు హంటింగ్టిన్ ప్రొటీన్‌తో న్యూరాన్లకు పని ఉంది. అందుకని చెడ్డ ప్రతిని మాత్రమే ఆపి, మంచిదాన్ని ముట్టుకోకుండా వదలాలి.

ఇంకో భయమూ ఉంది. న్యూరాన్‌లో చేరిన వైరస్ సరుకు ఏళ్ళ తరబడి ఉండిపోగలదు. ఎడిటర్ పని ముగించాక కూడా తయారవుతూ, వేరేచోట తప్పు అక్షరం మార్చవచ్చు. మార్చాక దాన్ని వెనక్కి తీసుకోలేం. చచ్చిపోయిన న్యూరాన్లనీ ఏ సవరణా తిరిగి తేలేదు. కాబట్టి మందు పడాల్సింది లక్షణాలు మొదలు కాకముందే, సోనియాలాంటి ఆరోగ్యవంతులకు. మరి జబ్బే రాని మనిషిలో మందు పనిచేసిందని ఎలా తెలుస్తుంది? వెన్నులోంచి తీసిన ద్రవంలో ప్రియాన్ ప్రొటీన్ ఎంత తగ్గిందో కొలిచి చూడాలని ఆ దంపతులు ఏళ్ళుగా వాదిస్తున్నారు.