నల్ల గీత ఉంటే మగపిల్లాడేనా? గర్భిణుల అపోహలు - వాస్తవాలు

రొమ్ముల గురించి, చర్మం గురించి గర్భిణులు డాక్టర్‌గా నన్ను చెకప్ అంతా అయిపోయాక, లేచి వెళ్తూ అడుగుతారు. అప్పటికే ఇంట్లో అత్తగారో, పక్కింటి పిన్నిగారో తీర్పు చెప్పేసి ఉంటారు.

అపోహ: పొట్ట మీద నల్ల గీత ఉంటే మగపిల్లాడు.
వాస్తవం: ఆ గీత అందరికీ ఉండేదే, లేత రంగు కాబట్టి కనపడదు. గర్భంలో హార్మోన్ల వల్ల చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పెరిగి నల్లబడుతుంది. మెడ, చంకలు, చనుమొన చుట్టూ నల్లబడేదీ అందుకే. ఆడపిల్లల్ని కన్నవాళ్లకూ వస్తుంది, కాన్పయ్యాక నెమ్మదిగా తగ్గుతుంది. నలుగుతో రుద్దితే చర్మం మండడమే మిగులుతుంది. గర్భానికి ముందే మెడ వెనక మందంగా, నల్లగా ఉంటే మాత్రం షుగర్ చూడాలి.

అపోహ: కుంకుమపువ్వు తాగితే బిడ్డ తెల్లగా పుడుతుంది.
వాస్తవం: రంగు తల్లిదండ్రుల జన్యువులది. పాలు తాగండి, మంచివే. ఆ పువ్వు డబ్బుతో బోలెడు గుడ్లు వస్తాయి!

అపోహ: ముఖం మీద మంగు వస్తే వెంటనే క్రీము రాయాలి.
వాస్తవం: మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబరిచే క్రీముల్లో స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్ లాంటివి ఉండొచ్చు. గర్భంలో సొంతంగా వాడొద్దు. గొడుగు, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ చాలు. ఇక పొట్ట మీద చారలు ఏ నూనె రాసినా ఆగవు.

అపోహ: ఇప్పుడే పాలు కారిపోతే బిడ్డకి మిగలవు.
వాస్తవం: జాకెట్టు మీద పసుపు మరక చూసి చాలామంది కంగారుపడతారు. అవి ముర్రుపాలు, నాలుగైదు నెలల నుంచే తయారవుతాయి. కొందరికి కారతాయి, కొందరికి చుక్క కూడా రాదు. ఇద్దరికీ కాన్పు తర్వాత పాలు పడతాయి. మాయ బయటికి వచ్చాక హార్మోన్లు మారితేనే అసలు పాలు మొదలవుతాయి, మామూలుగా రెండు నుంచి నాలుగు రోజుల్లో. రొమ్ము సైజుతో సంబంధం లేదు. "వస్తున్నాయా" అని పిండి చూడకండి. చనుమొన చుట్టూ చిన్న బుడిపెలు చర్మాన్ని మెత్తగా ఉంచే నూనె గ్రంథులు. మొటిమలనుకుని గిల్లొద్దు, సబ్బుతో తోమొద్దు.

అపోహ: కడుపుతో ఉన్నప్పుడు రొమ్ములో గడ్డలు మామూలే, కాన్పయ్యాక చూసుకోవచ్చు.
వాస్తవం: నాకు నిజంగా టెన్షన్ పెట్టే మాట ఇదే. రొమ్ములు బరువెక్కడం, సలపడం, నరాలు తేలడం మామూలు. ఒక్కచోటే చేతికి తగిలి, రెండు వారాలైనా పోని గడ్డ వేరు. చాలావరకు ప్రమాదం లేనివే. కానీ రొమ్ములు గట్టిపడటంతో కడుపుతో ఉన్నప్పుడు క్యాన్సర్ ఆలస్యంగా బయటపడుతుంది. అల్ట్రాసౌండ్, అవసరమైతే సూది పరీక్ష గర్భంలోనూ చేయొచ్చు. చనుమొన నుంచి రక్తం కనిపించినా చూపించుకోవాలి.

అపోహ: దురద పొట్ట సాగడం వల్లే, కొబ్బరినూనె రాస్తే పోతుంది.
వాస్తవం: పొట్ట మీద దురదైతే సరే. చివరి నెలల్లో దద్దు లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు నిద్రపట్టనంత దురదపెడితే లివర్‌లో పైత్యరసం ఆగిపోతోందేమో చూడాలి. రక్తంలో బైల్ యాసిడ్లు (పైత్యరసంలోని ఆమ్లాలు), లివర్ పరీక్షలు చేస్తే తెలుస్తుంది. ముదిరితే కడుపులో బిడ్డకి ప్రమాదం. దిష్టి తర్వాత తీసుకోవచ్చు. మూత్రం ముదురుగా, కళ్లు పచ్చగా ఉంటే రేపటిదాకా ఆగకుండా వచ్చేయండి.