పెద్ద సంఖ్యలు: అపోహలు - వాస్తవాలు (విశాఖ పిన్‌కోడ్ల సాక్షిగా)

విశాఖపట్నంలో పోటీ పరీక్షల అభ్యర్థులకు గణితం బోధించే నేను, సంఖ్యల ధర్మాలు వివరించవలసి వచ్చినప్పుడు నగరంలోని పిన్‌కోడ్లనే ఉదాహరణలుగా తీసుకుంటాను. అవి అందరికీ నోటికి వచ్చినవే అయినా, వాటి కారణాంకాల జోలికి సాధారణంగా ఎవరూ పోయి ఉండరు.

అపోహ: 2, 3, 5, 7, 11, 13లలో ఏదీ నిశ్శేషంగా భాగించకపోతే అది ప్రధాన సంఖ్యే.

వాస్తవం: మన పిన్‌కోడ్లకు చేరువలోనే ఉన్న 528529ను తీసుకోండి. 727 కంటే చిన్నదైన ఏ ప్రధాన సంఖ్యా దీన్ని భాగించదు. అయినా ఇది 727 × 727, అంటే సంయుక్త సంఖ్య. కనుక వర్గమూలం వరకు పరీక్షించక తప్పదు. అలాగని, చాలామంది చేసేటట్లు, సంఖ్యలో సగం దాకా పోనక్కరలేదు. రెండు కారణాంకాలూ వర్గమూలాన్ని మించితే వాటి లబ్ధం అసలు సంఖ్యనే మించిపోతుంది కదా. ఇక విశాఖ పిన్‌కోడ్లలో ఒకటైన 530001ను చూడండి. దాని అంకెల మొత్తం 9 కాబట్టి దాన్ని 9తో భాగిస్తే 58889 వస్తుంది. దీని వర్గమూలం 243 కంటే తక్కువ. 241 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలు 53. వాటిలో 151 దగ్గర ఆశ పుడుతుంది గానీ, 151 × 390 = 58890 కావడంతో ఒక్కటి తేడాలో తప్పిపోతుంది. మిగిలినవీ భాగించవు కనుక 58889 ప్రధాన సంఖ్య, 530001 = 3² × 58889.

అపోహ: సంఖ్య పెద్దదయ్యేకొద్దీ కారణాంకాలు పెరుగుతాయి.

వాస్తవం: 530001కి ఉన్నవి ఆరే. 60కి పన్నెండు ఉన్నాయి. ద్వారకానగర్ పిన్‌కోడ్ 530016 మాత్రం 2⁵ × 3 × 5521 కావడం వల్ల దానికి ఇరవై నాలుగు వచ్చాయి.

అపోహ: అంకెలు కూడితే 9 వచ్చే సంఖ్యకు ఏదో విశేషం ఉంటుంది.

వాస్తవం: ఆ సంఖ్యను 9 భాగిస్తుందని తప్ప ఆ మొత్తం మరేమీ చెప్పదు. బండి నంబరు కోసం అదనపు సొమ్ము కట్టేవారికి ఈ మాట రుచించకపోవచ్చు. పైగా అది పది ఆధారంగా రాసే మన పద్ధతి నుంచి పుట్టింది. ఎనిమిది ఆధారంగా, అంటే 0 నుంచి 7 వరకు ఉన్న అంకెలతోనే, రాస్తే 530001 కాస్తా 2013121 అవుతుంది, అంకెల మొత్తం 10.

అపోహ: న్యూన సంఖ్య అంటే తక్కువ రకం సంఖ్య.

వాస్తవం: తనను మినహాయించి మిగిలిన కారణాంకాల మొత్తం సంఖ్య కంటే తక్కువైతే న్యూనం, ఎక్కువైతే అధికం, సమానమైతే పరిపూర్ణం. 530001కి ఆ మొత్తం 235569, 530016కి 861528. మొదటిది న్యూనం, రెండోది అధికం. ఆరంకెల్లో పరిపూర్ణ సంఖ్య ఒక్కటీ లేదు; 8128 తరువాత వచ్చేది 33550336. బేసి పరిపూర్ణ సంఖ్య అసలు ఉందో లేదో గణితశాస్త్రం ఇంతవరకు తేల్చలేదు.