రాక్ గిటార్: అపోహలు - వాస్తవాలు

అపోహ: గెయిన్ (సిగ్నల్‌ని పెంచి డిస్టార్షన్, అంటే గరగర, తెప్పించే నాబ్) ఎంత పెంచితే సౌండ్ అంత బరువెక్కుతుంది.

గదిలో ఒక్కరే వాయించుకుంటుంటే అలాగే అనిపిస్తుంది. బేస్, డ్రమ్స్ కలిశాక వినండి, గిటార్ ఎక్కడో వెనక గీపెడుతూ ఉంటుంది. డిస్టార్షన్ చేసే పని సిగ్నల్ శిఖరాలను కోసేయడం. గట్టిగా మీటినా మెల్లగా మీటినా అంతా ఒకే మట్టానికి వస్తుంది. పిక్ తగిలినప్పటి తొలి 'టక్' కూడా అందులోనే నలిగిపోతుంది. చెవికి బరువుగా తోచేది ఆ టక్కే.

రికార్డింగులో మందం కావాలంటే స్టేజీ మీద పెట్టే గెయిన్‌లో ఓ పావువంతు తగ్గించండి. అదే రిఫ్‌ని (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరస) రెండుసార్లు వాయించి, ఒకటి పూర్తిగా ఎడమ స్పీకర్‌కు, మరొకటి పూర్తిగా కుడి స్పీకర్‌కు పెట్టండి. నిజంగా రెండుసార్లు వాయించాలి. మొదటి టేకునే కాపీ చేసి రెండో వైపు పెడితే రెండు స్పీకర్లలోనూ ఒకటే వస్తుంది కాబట్టి శబ్దం మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. కాస్త గట్టిగా వినిపిస్తుందంతే, వెడల్పు రాదు.

కార్డు అంటే కలిపి మోగించే స్వరాల గుంపు, పవర్ కార్డులో ఉండేవి షడ్జమం, పంచమం మాత్రమే. "కార్డులు రానివాళ్లే పవర్ కార్డులు వాయిస్తారు" అనే ఎగతాళికీ జవాబు డిస్టార్షన్‌లోనే ఉంది. రెండు స్వరాలు కలిసి అందులోకి వెళితే, వాటి పౌనఃపున్యాల మొత్తాలూ తేడాలూ కొత్త స్వరాలుగా పుట్టుకొస్తాయి. షడ్జమ పంచమాల నిష్పత్తి దాదాపు 2:3. తేడాగా పుట్టేది కింది స్థాయి షడ్జమం, అంటే శ్రుతికి బలమే. మామూలు మేజర్ కార్డులో వీటికి తోడుగా ఉండే గాంధారం అలా కాదు. ఫ్రెట్ల సమాన విభజన వల్ల అది సహజ స్థానం కంటే సుమారు 14 సెంట్లు పైన ఉంటుంది (పక్కపక్క ఫ్రెట్ల మధ్య స్వరాల తేడా సెమీటోన్, అందులో నూరో వంతు ఒక సెంటు). పంచమంలో తేడా 2 సెంట్లే. మామూలు సౌండ్‌లో పట్టించుకోని ఆ 14 సెంట్లు హై గెయిన్‌లో బురదవుతాయి.

అపోహ: లావు తీగలతోనే లావు సౌండ్.

అమెరికన్ బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ 13 గేజ్ తీగలు (మొదటి తీగ మందం 0.013 అంగుళం) వేసుకున్నాడు, నిజమే. కానీ శ్రుతిని ఒక సెమీటోన్ దించుకున్నాడన్నది చాలామంది చెప్పరు. జీజీ టాప్ (ZZ Top) బ్యాండ్ గిటారిస్ట్ బిల్లీ గిబ్బన్స్ వాడేది 7 గేజ్, అంటే 0.007 అంగుళం. అతని సౌండ్ సన్నగా ఉందన్నవాళ్లు ఎవరూ లేరు. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్ట్, ఎడమచేతివాటం టోనీ అయోమీ సంగతి మరీ విడ్డూరం. 1965లో బర్మింగ్‌హామ్‌లోని ఓ షీట్ మెటల్ ఫ్యాక్టరీలో, ఫ్రెట్ల మీద నొక్కే కుడిచేతి మధ్య వేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు ఎక్కించాడు. బ్యాండ్ 1971 ఆల్బమ్‌లో కొన్ని పాటలకు శ్రుతిని మూడు సెమీటోన్లు దించాడు. హెవీ మెటల్ అనగానే గుర్తొచ్చే ఆ బరువు వచ్చింది సన్నటి వదులు తీగల నుంచే.

గేజ్ మారిస్తే మాత్రం సెటప్ తప్పదు. తీగల లాగుడు మారి మెడ వంపు మారుతుంది. మొదటి ఫ్రెట్‌కి కేపో (తీగలన్నిటినీ నొక్కి ఉంచే క్లిప్పు) పెట్టి, ఆరో తీగను మెడ బాడీతో కలిసే చోట నొక్కి, 7-8 ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి. 0.25 మి.మీ. అటూ ఇటూగా ఉండాలి. మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ ట్రస్ రాడ్‌ని ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పొద్దు. తర్వాత 12వ ఫ్రెట్‌లో హార్మోనిక్‌నీ (తీగను నొక్కకుండా తాకీ తాకనట్టు వేలు ఉంచి మీటే స్వరం), నొక్కి వాయించిన స్వరాన్నీ ట్యూనర్‌తో పోల్చండి. నొక్కినది పైకి పోతుంటే సాడిల్‌ని (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) వెనక్కి, కిందికి పోతుంటే మెడవైపుకి జరపాలి. ఇదంతా కొత్త తీగలతోనే. తుప్పు పట్టినవాటికి ఈ పని చేయడం దండగ.

అపోహ: శ్రుతి నిలవకపోతే తీగలు బిగించే ట్యూనింగ్ కీలు మార్చాలి.

చాలాసార్లు దొంగ నట్, అంటే మెడ పైకొసన తీగలు కూర్చునే గాళ్ల పట్టీ. ట్యూన్ చేస్తుంటే 'టింగ్'మని వినిపిస్తే తీగ గాడిలో ఇరుక్కుంటోందన్నమాట. గాడిలో పెన్సిల్ గ్రాఫైట్ రాయండి, శ్రుతిని ఎప్పుడూ కింది నుంచి పైకే తీసుకురండి.

అపోహ: 100 వాట్ల యాంప్ 50 వాట్ల దానికి రెండింతలు మోగుతుంది.

తేడా 3 డెసిబెల్స్. చెవికి రెండింతలు అనిపించాలంటే పది రెట్ల వాట్లు కావాలి. చెవి సంగతి వచ్చింది కాబట్టి: 85 డెసిబెల్స్‌కి రోజుకు 8 గంటలు హద్దు, పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. చెవిలో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు ట్రెబుల్‌ని (హెచ్చు పౌనఃపున్యాలను) ఎక్కువగా మింగేస్తాయి, అందుకే వాయించేవాళ్లు విసుగెత్తి తీసేస్తారు. సంగీతకారుల కోసం చేసే ఫిల్టర్ ప్లగ్గులు కొనుక్కోవాలి.

అపోహ: రిఫ్ నాది, కాబట్టి పాటలో వాటా నాదే.

పాట మీద ఒక హక్కు, రికార్డింగ్ మీద వేరే హక్కు. సోలోని, వాయిద్య భాగాన్ని అరేంజ్‌మెంట్ కింద లెక్కకట్టి రచయితల పేర్లలో చేర్చకపోవడం బ్యాండ్లలో మామూలే. బ్రిటిష్ బ్యాండ్ ప్రోకల్ హారమ్ ఆర్గనిస్ట్ మాథ్యూ ఫిషర్ 1967 నాటి హిట్ పాటలో తన ఆర్గన్ భాగానికి వాటా కోసం 2005లో పోరాటం మొదలుపెట్టాడు. 2006లో కోర్టు 40 శాతం ఇచ్చింది, 2009లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఖాయం చేసింది. కానీ డబ్బు 2005 నుంచే. అంతకుముందు 38 ఏళ్ల ఆదాయం పోయినట్టే.

అందుకని పాట పూర్తయిన రోజే ఒక కాగితం మీద అందరి అసలు పేర్లు, మొత్తం 100 అయ్యేలా శాతాలు, తేదీ, సంతకాలు. హిట్టయ్యాక కూర్చుంటే స్నేహాలు చెడతాయి. అమెరికాలో మామూలు రేడియోలో పాట వస్తే రాసినవాళ్లకు డబ్బు అందుతుంది, వాయించినవాళ్లకు పైసా రాదు.

రికార్డు కంపెనీ ఇచ్చే అడ్వాన్సునీ బహుమతి అనుకోవద్దు, అది మీ రాయల్టీలోంచే తీరాల్సిన బాకీ. రాయల్టీ 15 శాతం, అడ్వాన్సు 30 వేలు అనుకుంటే, రికార్డింగ్ ఆదాయం 2 లక్షలు దాటేదాకా చేతికి ఇంకేమీ రాదు. స్టూడియో ఖర్చు కూడా అందులోనే కలిపితే ఇంకా ఆలస్యం. ఆ బాకీని పాటల రచన ఆదాయం నుంచి కూడా కోసుకునే షరతు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. సంతకానికి ముందు లాయర్ చేత కొట్టేయించాల్సిన మొదటి వాక్యం అదే.