41 లక్షల దగ్గర కలిసిపోయిన రెండు జిల్లాలు

2011 జనాభా లెక్కల ప్రకారం నాటి ఉమ్మడి అనంతపురం జిల్లాలో 40,81,148 మంది, కర్నూలు జిల్లాలో 40,53,463 మంది ఉన్నారు. సమీప లక్షకు సవరిస్తే, అంటే దగ్గరలోని పూర్తి లక్షకు మారిస్తే (రౌండింగ్), రెండూ 41 లక్షలే అవుతాయి. నడుమనున్న 27,685 మంది, అంటే ఒక చిన్న పట్టణమంత జనం, లెక్కలోంచి మాయమవుతారు. సమీప పదివేలకు సవరిస్తే 40,80,000, 40,50,000 అని తేడా మళ్లీ కనబడుతుంది. అందుకే పిల్లలకు ఈ సవరింపు పాఠం చెప్పేటప్పుడు ఏ స్థానానికి సవరిస్తున్నాం, ఎందుకు సవరిస్తున్నాం అన్న ప్రశ్న ముందు రావాలి. చాలాచోట్ల మాత్రం ‘ఐదూ ఆపైన ఉంటే ఒకటి కలుపు, తక్కువైతే వదిలెయ్యి’ అన్న సూత్రంతో మొదలై, దానితోనే పాఠం ముగిసిపోతుంది.

సూత్రం తప్పు కాదు. అది ఎందుకు పుట్టిందో తెలియకపోతేనే చిక్కు. 2024-25లో వేరుశనగకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు. దీన్ని సమీప వందకు సవరించమంటే ఒకరు 6,883 అని రాస్తారు. వందల స్థానంలో ఒకటి కలిపి, వెనకనున్న 83ను అలాగే ఉంచేస్తారు. ఇంకొకరు 800 అంటారు. నల్లబల్లమీద ఒక గీత గీసి, ఎడమ కొసన 6,700, కుడి కొసన 6,800, సరిగ్గా నడుమ 6,750 రాసి, 6,783 ఎక్కడుంటుందో వేలుపెట్టి చూపమనండి. ఒక కొసకు 83, మరో కొసకు 17 దూరం. జవాబు కంటికే కనబడుతుంది. 6,883గానీ 800గానీ ఆ గీతమీదే లేవు కాబట్టి ఆ తప్పులను పిల్లలే పట్టుకుంటారు.

మెట్లుమెట్లుగా సవరించడం ఇంకా మోసకారి. 2011 లెక్కల్లో కడప జిల్లా జనాభా 28,82,469. సమీప వేయికి సవరిస్తే 28,82,000. కొందరు పిల్లలు ముందు పదికి సవరించి 28,82,470 అని, తరవాత వందకు సవరించి 28,82,500 అని, చివరికి వేయికి వచ్చి 28,83,000 అంటారు. ప్రతి మెట్టూ ఒప్పే, ఫలితం తప్పు. అసలు సంఖ్య నడిమి 28,82,500కు 31 ఇవతలే ఉంది. సవరించేది ఎప్పుడూ మొదటి సంఖ్యనే, ఒక్కసారే.

కొన్ని లెక్కలకు ‘సమీప’ అన్న మాటే పొసగదు. 40 కిలోలు పట్టే సంచుల్లో 443 కిలోల కాయలు నింపాలంటే 11 చాలవు, 12 కావాలి.

ఇక మిగిలింది తెలివైన పిల్ల తప్పక అడిగే ప్రశ్న: రెండు కొసలకూ సమాన దూరంలో ఉన్న 6,750 ఎటు పోవాలి? దూరం ఇక్కడ తీర్పు చెప్పలేదు, ఒప్పందమే చెప్పాలి. బడిలో పైకి తీసుకెళ్తాం. మొత్తం ఆదాయాన్ని సమీప పది రూపాయలకు సవరించమన్న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కూడా చివరి అంకె ఐదైతే పైకే వెళ్లమంది. అయితే ఐఎస్ 2 : 1960 అనే భారతీయ ప్రమాణం మరో దారి పట్టింది: సరిగ్గా నడుమ ఉంటే ముందరి అంకె సరిసంఖ్య అయ్యేట్టు సవరించాలి. సగాలన్నీ పైకే పోతే పెద్ద మొత్తాలు క్రమంగా ఉబ్బుతాయి. ఇలా చేస్తే కొన్ని పైకీ కొన్ని కిందికీ పోతాయి. దాని ప్రకారం 6,750 పైకెక్కి 6,800 అవుతుంది, 6,850 కిందికి దిగి అదే 6,800 అవుతుంది.