ఆయిల్ టెస్ట్ పాసైనా కాగితంలో నీరుంటుంది

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట నుంచి ప్రకాశం జిల్లా కొత్తపట్నం దాకా తీరం వెంట రొయ్యల చెరువులకు కరెంటిచ్చే 33/11 కేవీ సబ్‌స్టేషన్లలోని ట్రాన్స్‌ఫార్మర్ల మీద లోడు రాత్రి తగ్గదు. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది రాత్రే, నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆపడానికి వీల్లేదు. 2009లో వెనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక ఏరేటర్ల వాడకం ఇంకా పెరిగింది. దీనికి సముద్రపు గాలి తేమ తోడైంది.

ట్రాన్స్‌ఫార్మర్‌లో వైండింగ్‌కు, అంటే తీగచుట్టకు, కాగితం చుట్టి ఆయిల్‌లో ముంచుతారు. ఓవర్‌లోడు లెక్క చాలాకాలం ఈ కాగితపు ఇన్సులేషన్ వయసు మీదే నడిచింది. వేడి 8 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయుష్షు సగమవుతుందని 1930లో ఇంజినీరు మాంట్‌సింగర్ తేల్చారు. ఆ లెక్కన నష్టం ఏళ్ల మీద తేలాలి, గంటా రెండు గంటలు భరించొచ్చు. 1970ల చివరి నుంచి అమెరికాలో వైండింగ్ నమూనాలను వేడిచేసి చూశాక ఆ ధీమా పోయింది. తడి కాగితం గబగబా వేడెక్కితే అందులోని నీరు ఆయిల్‌లోకి మెల్లగా ఇంకే వ్యవధి ఉండదు, ఆవిరి బుడగలై పొంగుతుంది. ఏ తడికి ఏ వేడి దగ్గర బుడగ పుడుతుందో పరిశోధకుడు టి.వి. ఊమ్మెన్ సూత్రం కట్టారు. ట్రాన్స్‌ఫార్మర్ లోడుపై అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60076-7 ప్రకారం తడి 2 శాతముంటే 140 డిగ్రీల దగ్గరే ముప్పు. బాగా ఆరిన కాగితానికి ఆ హద్దు 200 చేరువలో ఉంటుంది.

ఈ డిగ్రీలు వైండింగ్‌లో అన్నిటికన్నా వేడెక్కే చోటివి. వైండింగ్ నిమిషాల్లో వేడెక్కుతుంది, ఆయిల్‌కు గంటలు పడుతుంది. కాబట్టి ఆయిల్ థర్మామీటరు చూసి నిశ్చింతగా ఉండటం తప్పు. బుడగలో ఆయిల్‌లోకన్నా విద్యుత్ ఒత్తిడి ఎక్కువ, దాన్ని తట్టుకునే శక్తి తక్కువ. అందులో మొదలైన చిన్న డిశ్చార్జి అలాగే సాగితే కాగితాన్ని కాల్చి పూర్తి బ్రేక్‌డౌన్‌కు దారితీస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ చల్లారాక ఆవిరి మళ్లీ నీరైపోతుంది. అందుకే లోపల పుట్టిన గ్యాస్‌ను పసిగట్టే బుకోల్జ్ రిలేలో దాని ఆనవాలు దొరకకపోవచ్చు.

ఆయిల్ టెస్టు మీద అతినమ్మకం ఇంకా ప్రమాదం. ఉదాహరణకు 500 కిలోల కాగితంలో తడి 3 శాతమైతే 15 కిలోల నీరు. 3,000 కిలోల ఆయిల్‌లో 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) నీరంటే 60 గ్రాములే. ఫిల్టర్ మిషన్ ఒక రౌండు తిప్పి బీడీవీ (ఆయిల్ తట్టుకునే వోల్టేజీ) 60 కేవీ రాగానే పనైందంటే, పోయింది ఆ 60 గ్రాములే. కొన్ని వారాల్లో కాగితం నుంచి నీరు మళ్లీ దిగుతుంది, రీడింగు పడుతుంది. ఆయిల్‌ను 60-65 డిగ్రీల్లో వేడిచేసి, వ్యాక్యూమ్ కింద రోజుల తరబడి తిప్పితేనే కాగితం కొంతైనా ఆరుతుంది.

నీరు లోపలికి చేరే ప్రధాన దారి బ్రీదర్, అంటే ట్రాన్స్‌ఫార్మర్ గాలి పీల్చే గొట్టం. అందులో తేమను పీల్చే సిలికా జెల్ ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే ఈశాన్య రుతుపవనాల వానల్లో, తుపాన్లకు సరఫరా ఆగి ట్రాన్స్‌ఫార్మర్ చల్లారినప్పుడు ఆయిల్ కుంచించుకుని బయటి గాలిని లాగుతుంది. నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగినా, కింది కప్పులో ఆయిల్ లేకపోయినా ఆ తడి నేరుగా లోపలికే. కాగితం పాతబడేటప్పుడు తనంతట తానే నీటిని పుట్టిస్తుంది కూడా.

అన్నిటికన్నా గడ్డు ఘడియ, సబ్‌స్టేషన్‌లోని రెండింట్లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ట్రిప్పయి, దాని ఫీడర్లను (కరెంటు లైన్లను) అప్పటికే వేడిగా ఉన్న రెండోదానికి మార్చినప్పుడు వస్తుంది. పాత ట్రాన్స్‌ఫార్మరైతే నేమ్‌ప్లేటు రేటింగు దాటనివ్వకూడదు. మిగిలిన ఫీడర్లకు వంతులవారీగా సరఫరా ఇవ్వాలి, జనరేటర్ వేసుకునేలా చెరువుల రైతులకు ముందే కబురందాలి.