పాలిచ్చే ఎలుక మళ్లీ చూడి కట్టదా? అపోహలు - వాస్తవాలు

గుంటూరు దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో యానిమల్ హౌస్ చూసుకుంటాను. మా దగ్గరున్నవి విస్టార్ అనే రకం తెల్లటి ప్రయోగశాల ఎలుకలు. ప్రాజెక్టు కోసం వచ్చే ఎం.ఫార్మ్ పిల్లల్లో చాలామంది ఇంట్లో గేదెల ఈతలు చూసి పెరిగినవాళ్లే. ఆ లెక్కలే ఎలుకకూ వేస్తారు.

అపోహ: పిల్లలు పాలు తాగినన్నాళ్లూ ఎలుక ఎదకు రాదు.

సగం నిజమే. మిగతా సగంతోనే ఇబ్బంది. కాన్పయిన 24 గంటల్లోపే ఎలుక ఒకసారి ఎదకు వస్తుంది, అండాలు విడుదలవుతాయి. పొట్ట కింద పది పిల్లలున్నా సరే. ఆ సమయంలో మగది అదే కేజ్‌లో ఉంటే చూడి కట్టిందనే అనుకోండి. ఆ అవకాశం దాటాక మాత్రం, నాలుగైదు రోజులకోసారి తిరిగే ఎద చక్రం ఆగిపోతుంది. స్మియర్ (యోని నుంచి తీసిన కణాల నమూనా) తీసి మైక్రోస్కోపులో చూస్తే ఎక్కువగా తెల్లకణాలే ఉంటాయి. ఎద రోజున గుంపులుగా కనిపించే, అంచులు మడతపడిన పొలుసు కణాలు కనపడవు. 21 రోజులకు పిల్లల్ని వేరు చేస్తే, కొద్దిరోజుల్లోనే చక్రం మళ్లీ మొదలవుతుంది.

అందుకే మగదాన్ని కాన్పుకు ముందే తీసేయండి. పిల్లలు పుట్టాక తీద్దాంలే అనుకుంటే ఆలస్యమైనట్టే.

అపోహ: ఎలుక గర్భం 22 రోజులు. దాటిందంటే రిజిస్టర్‌లో ఎవరో తేదీ తప్పు రాశారు.

పాపం, ఈ మాట పడేది ఎప్పుడూ అటెండరే. కాన్పయిన వెంటనే మళ్లీ చూడి కట్టిన ఎలుకలో నిజంగానే రోజులు పెరుగుతాయి. పిల్లలు చన్నులు చీకుతుంటే తల్లిలో ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) పెరుగుతుంది, ఎల్‌హెచ్ (అండాశయాన్ని పనిచేయించే హార్మోన్) తగ్గుతుంది, అండాశయం నుంచి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ సరిగా రాదు. ఎలుక పిండం గర్భసంచి గోడకు అతుక్కోవాలంటే నాలుగో రోజు దాపుల్లో ఈస్ట్రోజెన్ కొద్దిగానైనా పెరగాలి. అది అందకపోతే పిండాలు బ్లాస్టోసిస్ట్ దశలోనే (ఇంకా అతుక్కోని చిన్న కణాల బంతిగా), చావకుండా పెరగకుండా, గర్భసంచిలో ఆగిపోతాయి. బయటి నుంచి కొద్దిపాటి ఈస్ట్రాడయాల్ (ఒక రకం ఈస్ట్రోజెన్) ఇస్తే అతుక్కుంటాయి. చీకే పిల్లలు ఎంత ఎక్కువైతే ఆలస్యం అంత ఎక్కువ. ఒకటి రెండే ఉంటే పెద్దగా తేడా రాదు. నిండు కాన్పయితే వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే జరుగుతుంది. ఎలుక ఒంట్లో నాకు అన్నిటికన్నా ముచ్చటేసే ఏర్పాటు ఇదే.

మందు పరీక్షల్లో దీన్ని పట్టించుకోకపోతే పని పాడవుతుంది. పిండంలో అవయవాలు ఏర్పడేది సుమారు 6 నుంచి 15వ రోజు వరకు అని లెక్కేసుకుని, పాలిచ్చే ఎలుకకు డోసు మొదలుపెట్టారనుకోండి, ఆరో రోజుకు లోపల పిండం ఇంకా అతుక్కునే ఉండదు.

అపోహ: పిల్లలు చన్ను పట్టుకుంటే పాలు తాగుతున్నట్టే.

కాదు. చీకుడు ఆగదు గానీ, పాలు మాత్రం కొన్ని నిమిషాలకోసారే దిగుతాయి. అదీ తల్లి నిద్రలో ఉన్నప్పుడు. కేజ్ పక్కన కదలకుండా కూర్చుంటే కనిపిస్తుంది: అప్పటిదాకా మెత్తగా పడున్న పిల్లలన్నీ ఒక్కసారిగా కాళ్లు బారజాపి బిగుసుకుంటాయి. పాలను దింపే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై పాలు దిగిన క్షణం అది. తర్వాత చన్నులు మార్చుకుంటూ తోసుకుంటాయి. పాలందాయో లేదో చూడాలంటే పిల్లను తిప్పండి. వెంట్రుకలు మొలవని చర్మం కింద పొట్టలో తెల్లటి పాల పట్టీ కనిపిస్తుంది.

అపోహ: మే నెలలో పిల్లల్ని వదిలి మూలన పడుకుంటే, అది మంచి తల్లి కాదు.

పిల్లల మీద పడుకుంటే తల్లి ఒళ్లు వేడెక్కుతుంది. మరీ వేడెక్కకముందే లేచి పోతుంది. గది 22 డిగ్రీల దాపుల్లో ఉంటే ఎక్కువసేపు ఉంటుంది. మన ఎండల్లో కరెంటు పోయి ఏసీ ఆగితే త్వరగా లేస్తుంది. తల్లిని తిట్టకండి, జనరేటర్ సంగతి చూడండి.

అపోహ: మాయ తిన్న ఎలుక పిల్లల్నీ తింటుంది.

మాయ తినడం మామూలే. దానికీ దీనికీ సంబంధం లేదు. పిల్లల్ని తినడానికి ఎక్కువగా కారణం మనం చేసే అలజడి, లేదా పిల్లలు చనిపోవడం, జబ్బుపడటం. కాన్పయిన మొదటి రోజుల్లో కేజ్ కదపకండి.

అపోహ: పుట్టిన పిల్లల్ని లెక్కపెడితే ఎన్ని పిండాలు అతుక్కున్నాయో తెలిసిపోతుంది.

మధ్యలో కరిగిపోయినవి ఆ లెక్కలోకి రావు. కానీ పిండం అతుక్కున్న ప్రతిచోటా గర్భసంచిలో మచ్చ మిగులుతుంది. ఆ మచ్చల్లో ఇనుము ఉంటుంది కాబట్టి, గర్భసంచిని అమ్మోనియం సల్ఫైడ్ ద్రావణంలో ఉంచితే అవి నల్లబడి లెక్కకు తేలిగ్గా దొరుకుతాయి. గ్యాస్‌ను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి. కుళ్లిన గుడ్ల వాసన సంగతి అలా ఉంచి, ఆ గ్యాస్ విషం.